ఇంజను గుండెకు ఎనిమిది తలుపులు

విద్యార్థులారా! కుడిచేతి రెండు వేళ్ళను ఎడమ మణికట్టు మీద, బొటనవేలి వైపున ఆనించి నాడి చూసుకోండి. నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుంది కదా! ప్రతి దెబ్బకూ మీ గుండెలోని నాలుగు కవాటాలూ ఒక్కొక్కసారి తెరచుకుని మూసుకుంటాయి. గంటకు 4,320 సార్లు, రోజుకు 1,03,680 సార్లు.

ఇప్పుడు రోడ్డు మీద పోతున్న ఒక కారును చూడండి. దాని ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. అందులోనూ కవాటాలున్నాయి. మెకానిక్కులు వాటిని 'వాల్వులు' అంటారు. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కొక్క వాల్వు ఒకసారి తెరచుకుంటుంది. అంటే నిమిషానికి 1,500 సార్లు. మీ గుండె కవాటం ఒక రోజంతా చేసే పనిని ఈ వాల్వు గంటా తొమ్మిది నిమిషాల్లో ముగిస్తుంది! పైగా గుండెలో ప్రవహించేది 37 డిగ్రీల వెచ్చని రక్తం. వాల్వును తాకేది మండుతున్న వాయువు. పొగ బయటికి పోయే వాల్వు తల సుమారు 700 డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడెక్కి, చీకట్లో చూస్తే ఎర్రగా కనిపించే స్థితిలో పని చేస్తుంది.

ఇంత చాకిరీ చేసే వస్తువు అరిగిపోకుండా ఉంటుందా? అరిగితే ఎలా బాగుచేస్తారు? ఆ ఖర్చు పెట్టడంలో తెలివి ఎక్కడుంది? ఒక పేరున్న స్పోర్ట్స్ కారు ఇంజనును విప్పి చూస్తూ ఈ సంగతులు తెలుసుకుందాం.

ఆ కారూ, మన కారూ

ఇంగ్లండులోని యాబింగ్డన్ అనే ఊళ్ళో 1962 నుండి 1980 వరకు 'ఎం.జి.బి.' అనే చిన్న స్పోర్ట్స్ కారు తయారయింది. ఐదు లక్షలకు పైగా కార్లు అమ్ముడుపోయాయి. పైకప్పు మడిచివేసి గాలిలో దూసుకుపోయే ఆ కారంటే అక్కడివారికి ఇప్పటికీ మోజు. ఈనాటికీ వేలమంది దాని ఇంజనును విప్పి, బాగుచేసి, నడుపుకుంటున్నారు.

దాని ఇంజనులో నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు వ్యాసం 80.26 మి.మీ.; పిస్టను (మన పాఠ్యపుస్తకంలోని ముషలకం) కదిలే దూరం 88.9 మి.మీ. మొత్తం ఘనపరిమాణం సుమారు 1,798 ఘన సెంటీమీటర్లు. ఒక్కొక్క సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది వాల్వులు.

ఎక్కడో ఇంగ్లండు కారు మనకెందుకు అంటారా? మన అంబాసిడరు కారు మీకు తెలుసు. 2014 వరకు తయారైన ఆ కారులో దశాబ్దాల పాటు వాడిన 1,489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను కూడ ఈ కుటుంబంలోనిదే. ఇంగ్లండులోని బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన 'బి' తరగతి ఇంజను అది. రెండింటిలోనూ పిస్టను కదిలే దూరం ఒక్కటే, 88.9 మి.మీ. అంబాసిడరు సిలిండరు వ్యాసం మాత్రం 73.025 మి.మీ. మంత్రిగారి కారు, అద్దెకారు, ఆ స్పోర్ట్స్ కారు ముగ్గురూ దాయాదులే నన్నమాట!

తలుపు, గడప

ప్రతి సిలిండరులోనూ నాలుగు ఘట్టాలు వరుసగా జరుగుతాయి. మొదటిది పీల్చడం. ఒక వాల్వు తెరచుకుని పెట్రోలు, గాలి మిశ్రమాన్ని లోపలికి రానిస్తుంది. దానిని లోపలి వాల్వు అందాం. రెండవది నొక్కడం. మూడవది మండడం. ఈ రెండు ఘట్టాల్లో తలుపులు మూసి ఉండాలి. నాలుగవది పొగను తోసివేయడం. అప్పుడు రెండవ వాల్వు, అంటే పొగ వాల్వు తెరచుకుంటుంది.

వాల్వు ఆకారం చూడాలంటే ఒక పుట్టగొడుగును తలక్రిందులుగా పట్టుకోండి. గొడుగు వాల్వు తల. కాడ వాల్వు కాడ. తల అంచు 45 డిగ్రీల వాలుగా ఉంటుంది. అది వచ్చి కూర్చునే వాలు గడపను 'సీటు' అంటారు. కాడ పైకీ కిందికీ కదిలే గొట్టం 'గైడు'. వాల్వును మూసి ఉంచేది స్ప్రింగు. దానిని నొక్కి తెరిచేది 'రాకరు' అనే చిన్న తూగుడు చేయి.

మిశ్రమం మండినప్పుడు పీడనం వాతావరణ పీడనానికి సుమారు నలభై రెట్లు ఉంటుందనుకుందాం. పొగ వాల్వు వ్యాసం దాదాపు 34 మి.మీ. వైశాల్యం 9 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద 40 కిలోల చొప్పున, ఆ చిన్న తలుపు మీద పడే బరువు 360 కిలోలు! మూడున్నర క్వింటాళ్ళ ధాన్యం ఒక్క రూపాయి బిళ్ళకన్న కొంచెం పెద్దదైన తలుపును నొక్కినట్లు. తలుపుకూ గడపకూ మధ్య వెంట్రుక వాసి సందున్నా ఆ మంట దానిలోంచి చొచ్చుకుపోతుంది.

వేడి ఎటు పోతుంది?

700 డిగ్రీల వేడిలో ఉన్న వాల్వు మాడిపోదేం? ఎందుకంటే అది ప్రతి చుట్టులోనూ కొంతసేపు కూర్చుని చల్లబడుతుంది. మూసి ఉన్నంతసేపూ వాల్వు అంచులోని వేడి సీటులోకి, అక్కడినుంచి హెడ్డులోకి, హెడ్డు చుట్టూ తిరిగే నీటిలోకి పోతుంది. ఇది మీరు చదువుకున్న ఉష్ణవహనమే. కొంత వేడి కాడ ద్వారా గైడులోకి పోతుంది. కాని ఎక్కువ భాగానికి దారి సీటే.

ఎం.జి.బి. పొగ వాల్వు, ఇంజను రెండు చుట్లలో, అంటే 720 డిగ్రీలలో, 252 డిగ్రీలు తెరచి ఉంటుంది. మిగిలిన 468 డిగ్రీలు మూసి ఉంటుంది. నిమిషానికి 3,000 చుట్లయితే రెండు చుట్లకు పట్టేది సెకనులో ఇరవైఐదవ వంతు. అందులో నూటికి 65 పాళ్ళు వాల్వుకు విశ్రాంతి, అంటే సెకనులో వెయ్యింట 26 వంతులు. ఆ కాస్తసేపు సీటును ఒత్తుకుని కూర్చుంటేనే దానికి బ్రతుకు. సరిగా కూర్చోలేదా, వేడి పోదు. పైగా సందులోంచి మంట కోస్తూ పోతుంది. కొద్ది రోజుల్లో వాల్వు అంచు కొరికిన అప్పడంలా అవుతుంది.

చప్పుడు లేని ప్రమాదం

వాల్వు మూసి ఉన్నప్పుడు రాకరుకూ కాడ చివరకూ మధ్య కొంచెం ఖాళీ వదులుతారు. ఎం.జి.బి.లో ఇంజను చల్లగా ఉన్నప్పుడు అది 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. ఎందుకీ ఖాళీ? వేడికి లోహం వ్యాకోచిస్తుంది కనుక. ఉక్కు పొడవు ఒక డిగ్రీకి 0.000012 వంతు పెరుగుతుంది. 100 మి.మీ. కాడ సగటున 300 డిగ్రీలు వేడెక్కితే 0.36 మి.మీ. సాగుతుంది. నిజానికి హెడ్డూ, ఇతర భాగాలూ కూడ కొంత సాగుతాయి కాబట్టి ఖాళీ అంతా పోదు. కాని ఖాళీ లేకుండా బిగిస్తే వేడెక్కిన వాల్వు గడపను అందుకోలేదని మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 2001లో మా బస్టాండు దగ్గర పాత పెట్రోలు అంబాసిడరును అద్దెకు తిప్పే ఒక పెద్దాయన ఉండేవాడు. నేను బాబాయ్ అని పిలిచేవాణ్ణి. ఒకరోజు ఆయన ఎంతో సంబరంగా, "మాష్టారూ! ఒకసారి వినండి. టక టకమనే టాపెట్ల మోత పూర్తిగా పోయిందండీ. ఇంజను పట్టులా ఉంది" అన్నాడు. నేనూ విని తల ఊపాను. సైన్సు మాష్టారునై ఉండి కూడ నాకు అనుమానం రాలేదు. నెల తిరక్కుండానే కారు గట్టు ఎక్కడం మానేసింది. హెడ్డు దించి చూస్తే రెండు పొగ వాల్వుల అంచులు కాలి ఉన్నాయి. సీట్లు హెడ్డులోకి గుంట పడ్డాయి.

ఏం జరిగిందో చూడండి. సీటు అరిగితే వాల్వు తల హెడ్డులోకి ఇంకా లోతుగా పోతుంది. తల పైకి జరిగితే కాడ కూడ రాకరు వైపు పైకి జరుగుతుంది. ఖాళీ తగ్గుతుంది. ఖాళీ తగ్గితే చప్పుడు తగ్గుతుంది. ఖాళీ పూర్తిగా పోతే వాల్వు మూతపడదు, కాలిపోతుంది. అంటే ఆ నిశ్శబ్దం ఆరోగ్యం కాదు, జబ్బు! చప్పుడు చేసే వాల్వు కొంచెం శక్తి పోగొడుతుంది. చప్పుడే చేయని వాల్వు తననే పోగొట్టుకోవచ్చు.

సీసం చేసిన మేలు, కీడు

ఆ సీట్లు ఎందుకు అరిగాయి? 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు, టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు పదార్థాన్ని పెట్రోలులో కొద్దిగా కలిపితే ఇంజను తన్నుకోకుండా నడుస్తుందని కనిపెట్టాడు. ఆ సీసం ఇంకొక పని కూడ చేసింది. మండిన తర్వాత సీసపు లవణాలు వాల్వు మీద, సీటు మీద పలుచని పొరగా పేరుకుని మెత్తలా పనిచేశాయి. ఆ పొర లేకపోతే ఎర్రగా కాలిన వాల్వు, మామూలు పోత ఇనుప సీటు అక్కడక్కడ సూదిమొనంత మేర అతుక్కుపోతాయి. వాల్వు లేచినప్పుడల్లా ఇనుప రేణువులు ఊడివస్తాయి. ఎం.జి.బి. హెడ్డు సీసపు పెట్రోలు రోజుల్లో పుట్టింది. దాని సీటు విడిగా బిగించిన ఉక్కు కాదు, పోత ఇనుప హెడ్డులోనే చెక్కినది.

కాని పొగతో పాటు గాలిలో కలిసిన సీసం విషం. ముఖ్యంగా ఎదిగే పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంత మోతాదైతే ఫరవాలేదు అని చెప్పగల హద్దు లేదు. అందుకే దేశాలు ఒకటొకటిగా దానిని మానివేశాయి. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి 1 నుండి సీసం లేని పెట్రోలే వచ్చింది. బ్రిటన్‌లోనూ 2000 సంవత్సరం మొదలుతో సీసపు పెట్రోలు సాధారణ అమ్మకం ఆగిపోయింది. చిట్టచివరి దేశం అల్జీరియా 2021లో ఆపింది. పాత ఇంజన్ల సీట్లకు కష్టం వచ్చిన మాట నిజమే. కాని సీటు మార్చవచ్చు. మెదడును మార్చలేము.

హెడ్డు దించాక

పని మొదలయ్యేది స్పానరుతో కాదు, పరీక్షతో. స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో నొక్కుడు పీడనాన్ని గేజితో కొలుస్తారు. మూడింటిలో 160 పౌండ్లు వచ్చి ఒకదానిలో 90 వచ్చిందనుకోండి. ఆ సిలిండరులో ఒక చెంచా నూనె పోసి మళ్ళీ కొలుస్తారు. పీడనం పెరిగితే కారుతున్నది పిస్టను రింగుల దగ్గర, ఎందుకంటే నూనె ఆ సందును పూడ్చింది. పెరగకపోతే దోషం చాలావరకు వాల్వుదే. పైసా ఖర్చు లేని ఈ తర్కం వేల రూపాయల అనవసరపు పనిని ఆపుతుంది.

హెడ్డు దించాక ఒక అట్టముక్కకు ఎనిమిది రంధ్రాలు చేసి, వాల్వులను వరుసగా గుచ్చి ఉంచుతారు. ఏ వాల్వు ఆ సీటుకే పోవాలి. ఆ తరువాతి పనులకు ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే డబ్బు వృథా.

మొదట, హెడ్డును కడిగి పగుళ్ళున్నాయేమో చూడాలి. ముఖ్యంగా పక్కపక్కన ఉన్న రెండు సీట్ల మధ్య. పగిలిన హెడ్డుకు కొత్త వాల్వులు వేయడం ఓటికుండకు వెండి మూత చేయించడమే.

రెండు, గైడులు. వాల్వును కొంచెం పైకెత్తి పక్కలకు ఊపితే లొడలొడ కదులుతున్నదా? అయితే గైడులు మార్చాలి. సీటు కోసే పనిముట్టు తన కేంద్రాన్ని గైడు నుంచే తీసుకుంటుంది. అరిగిన గైడును పట్టుకుని కోస్తే సీటు వంకరగా తెగుతుంది. తర్వాత గైడు మారిస్తే కోసిన సీటు పనికిరాదు. అందుకే ముందు గైడు, తర్వాత సీటు.

మూడు, సీటు ఉంగరాలు. లేతు షాపులో పాత సీటు చోటును గుండ్రంగా తొలిచి, గట్టి మిశ్రలోహపు ఉంగరాన్ని బిగిస్తారు. ఉంగరం రంధ్రం కన్న వెంట్రుక వాసి పెద్దది! ఎలా దూరుతుంది? మన ఊళ్ళో కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా వేయడం చూశారా? పట్టాను కాల్చి సాగదీసి, చక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తాడు. అది ముడుచుకుని బిగుస్తుంది. ఇక్కడ అదే సూత్రం తిరగబడింది. ఉంగరాన్ని బాగా చల్లబరచి, హెడ్డును వేడిచేసి, దింపుతారు. రెండూ ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక ఇక ఊడదు. ఎనిమిదింటికీ అక్కర్లేదు. లోపలి వాల్వులను చల్లని కొత్త మిశ్రమమే చల్లబరుస్తుంది. పొగ వాల్వులు నాలుగింటికి చాలు.

నాలుగు, వాల్వు నూరడం. సీటు కోశాక, వాల్వు అంచుకు సన్నని గ్రైండింగు పేస్టు రాసి, రబ్బరు గిన్నె ఉన్న కర్రను దాని తలకు అంటించి, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్లు అటూ ఇటూ తిప్పుతారు. అప్పుడప్పుడు ఎత్తి, కాస్త తిప్పి మళ్ళీ కూర్చోబెడతారు. చుట్టూ తెగకుండా బూడిదరంగు వలయం వస్తే పని అయినట్లే. ఆ పేస్టును కిరసనాయిలుతో ఒక్క రేణువు లేకుండా కడగాలి. లేకపోతే అది ఇంజనునే నూరుతుంది! చివరకు వాల్వులూ స్ప్రింగులూ బిగించి, పొగ దారిలో కిరసనాయిలు పోసి చూడాలి. చుక్క కారకపోతే తలుపు మూసుకున్నట్లే.

ఖర్చు లెక్క

ఇప్పుడు లెక్కల పుస్తకం తీయండి. ఈ అంకెలు లెక్క కోసం ఊహించినవే. నిజమైన ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి మారుతాయి.

మొదటి పద్ధతి: నూరడం మాత్రమే. హెడ్డు దించి ఎక్కించే కూలి 6,000 రూపాయలు; గాస్కెట్టు వగైరా 2,000; నూరడానికి 1,000. మొత్తం 9,000. ఇది 15,000 కిలోమీటర్లు నిలిచిందనుకుందాం.

రెండవ పద్ధతి: కూలి 6,000, గాస్కెట్టు 2,000, పగుళ్ళ పరీక్ష 1,000, గైడులు, బిగింపు 3,000, నాలుగు ఉంగరాలు, తొలిచే పని 4,000, నాలుగు పొగ వాల్వులు 3,000, సీట్లు కోసి నూరడం 2,000. మొత్తం 21,000. ఇది 60,000 కిలోమీటర్లు నిలిచిందనుకుందాం.

వెయ్యి కిలోమీటర్లకు మొదటిది 600 రూపాయలు, రెండవది 350. ఇంకో విధంగా చూడండి. 60,000 కిలోమీటర్లలో మొదటి పద్ధతివారు నాలుగుసార్లు హెడ్డు దించాలి. ఖర్చు 36,000. అందులో 32,000 కేవలం విప్పి బిగించడానికే! అసలు వాల్వు మీద పెట్టింది 4,000.

అయితే రెండవదే ఎప్పుడూ మేలా? తొందరపడకండి. బాబాయి కారు ఏడాదికి 40,000 కిలోమీటర్లు తిరిగేది. ఆయనకు రెండవదే మేలు. ఇంగ్లండులో ఆదివారాలు మాత్రమే షికారుకు తీసే ఎం.జి.బి. ఏడాదికి 3,000 కిలోమీటర్లు నడుస్తుందనుకోండి. దానికి 15,000 అంటే ఐదేళ్ళు. అలాంటి కారు బాగానే నడుస్తుంటే, ఉంగరాల కోసమే హెడ్డు దించనక్కరలేదు. ఖాళీని అప్పుడప్పుడు కొలిచి ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. అంకె తగ్గుతూ వస్తే సీటు అరుగుతున్నదని అర్థం. వేరే పనికోసం హెడ్డు దించిన రోజున మాత్రం ఉంగరాలు వేయించుకోవడం తెలివి. కూలి ఎలాగూ ఇస్తున్నాం కదా!

బాబాయి మొదటిసారి చౌకగా నూరించి సరిపెట్టుకున్నాడు. ఏడాది లోపే మళ్ళీ హెడ్డు దించవలసి వచ్చింది. రెండవసారి అప్పుచేసి ఉంగరాలు వేయించాడు. మొదటే చెప్పి ఉండవలసిన లెక్క ఇది. నేను చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నది అందుకే.

తొమ్మిది సూత్రం

హెడ్డు ఎక్కించాక ఖాళీ సరిచేయాలి. అందుకు ఆ వాల్వు పూర్తిగా మూసి ఉండాలి. ఎప్పుడు మూసి ఉందో ఎలా తెలుస్తుంది? వాల్వులకు ముందునుంచి 1 నుండి 8 వరకు సంఖ్యలు వేయండి. ఏదైనా వాల్వు పూర్తిగా తెరచి ఉన్నప్పుడు, ఆ సంఖ్యను 9 లోంచి తీసివేయండి. వచ్చిన వాల్వు పూర్తిగా మూసి ఉంటుంది. 8 తెరచి ఉంటే 1ని, 6 తెరచి ఉంటే 3ను సరిచేయవచ్చు.

ఇందులో మంత్రం లేదు. ఈ ఇంజనులో సిలిండర్లు 1, 3, 4, 2 వరుసలో మండుతాయి. కాబట్టి 1, 4 సిలిండర్ల మధ్యా, 3, 2 సిలిండర్ల మధ్యా సరిగ్గా ఒక చుట్టు తేడా. వాల్వులను ముందునుంచి చూస్తే పొగ, లోపలి, లోపలి, పొగ. మళ్ళీ పొగ, లోపలి, లోపలి, పొగ. వెనుకనుంచి చూసినా అదే వరుస. ఆ సౌష్ఠవం వల్లనే తొమ్మిది వస్తుంది.

మీరే చేసి చూడండి

1. రెండు ఇంజన్ల కొలతలు పైన ఇచ్చాం. సిలిండరు ఘనపరిమాణ సూత్రంతో లెక్కకట్టి, 1,798 మరియు 1,489కి దగ్గరగా వస్తుందేమో చూడండి.

2. ఖర్చు లెక్కలో కూలి 6,000 బదులు 1,000 అయితే, వెయ్యి కిలోమీటర్లకు ఏ పద్ధతి చౌక? దీనినిబట్టి తన పని తానే చేసుకునే మనిషి ఏ నిర్ణయానికి వస్తాడు?

3. మీ ఊరి మెకానిక్కు షెడ్డులో కాలిన వాల్వు ఉంటే అడిగి తెచ్చుకోండి. అంచు ఎక్కడ కాలిందో చూసి, మంట ఏ దారిన పోయిందో గీసి చూపండి.

వాల్వును చూపిన మెకానిక్కును ఒక ప్రశ్న తప్పక అడగండి: "గైడు ముందా, సీటు ముందా?" ఆయన చెప్పే జవాబులో మీరు చదివిన పాఠం కనిపిస్తుంది.